దైవచిత్తం కోసం ఎదురుచూపు: ఒంగోలులో ఒక నిర్ణయం



క్రైస్తవ కుటుంబాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. అబ్బాయికి ఊరుగాని ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, వెళ్ళాలా వద్దా? అమ్మాయికి సంబంధం వచ్చింది, ఖాయం చేసుకోవాలా, ఆగాలా? ఉన్న ఎకరం అమ్మి పట్నంలో ఇల్లు కొనుక్కోవాలా? ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు వెంటనే అవుననీ కాదనీ చెప్పరు. "ప్రార్థన చేద్దాం, దేవుని చిత్తం ఏమిటో చూద్దాం" అంటారు. హోసూరు, బళ్ళారి, పర్లాకిమిడి, యానాం, తెలుగు సంఘం ఎక్కడున్నా ఈ మాట ఉంటుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక వాగ్దానం కార్డు ఒకటి తీసుకుని, అందులో ఏ వచనం వచ్చిందో చూసుకుని, దాన్ని ఏడాది పొడుగునా గోడమీద పెట్టుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. కష్టం వచ్చినప్పుడు బైబిలు చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, ఏ పుట తెరుచుకుంటే ఆ పుటలో జవాబు వెతుక్కునేవారూ ఉన్నారు.

ఈ అలవాటు మంచిదా కాదా అని తీర్పు చెప్పడం చరిత్ర చెప్పేవాడి పని కాదు. కాని తెలుగు క్రైస్తవ చరిత్రలో ఇలా పుట తెరిచి తీసుకున్నట్టు చెప్పుకునే నిర్ణయం ఒకటుంది. 1867 ప్రాంతంలో ఒంగోలులో జరిగింది. వేలాది కుటుంబాల రాత దానితో మారింది. ఆ నిర్ణయం నిజంగా ఎలా జరిగిందో ఇవాళ కాస్త నిదానంగా చూద్దాం.

ముందు పాత సంగతి కొంచెం. దైవచిత్తం తెలుసుకోవడానికి గుర్తులు అడగడం బైబిలులోనే ఉంది. ఇశ్రాయేలు యాజకుల దగ్గర ఊరీము తుమ్మీము ఉండేవి. గిద్యోను కళ్ళంలో గొర్రెబొచ్చు పరచి, ఒక రాత్రి బొచ్చు తడవాలి, ఇంకో రాత్రి నేల తడవాలి అని రెండుసార్లు పరీక్ష పెట్టాడు. యూదా ఖాళీ చేసిన స్థానంలోకి ఎవరు రావాలో తేల్చడానికి శిష్యులు చీట్లు వేశారు, మత్తీయ పేరు వచ్చింది. ఇది అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయంలో మాట. ఆ తరువాత ఆ పుస్తకంలో శిష్యులు చీట్లు వేయడం మళ్ళీ ఎక్కడా కనబడదు. పదిహేనో అధ్యాయంలో ఇంతకంటే చాలా పెద్ద చిక్కు వచ్చింది. యూదులు కానివారిని, వాళ్ళ ఆచారాలు పాటించనివారిని, సంఘంలో సమానంగా చేర్చుకోవచ్చునా అన్నది ప్రశ్న. అప్పుడు యెరూషలేములో పెద్దలు కూర్చుని గట్టిగా వాదించుకున్నారు. వెళ్ళివచ్చినవారు తాము కళ్ళారా చూసింది చెప్పారు. లేఖనం ఏమంటోందో యాకోబు గుర్తు చేశాడు. అంతా కలిసి ఒక మాట మీదికి వచ్చారు. ఈ పదిహేనో అధ్యాయాన్ని కొంచెం గుర్తుపెట్టుకోండి.

పుట తెరిచి చూసుకోవడంలో అందరికంటే ప్రసిద్ధుడు అగస్తీను. క్రీ.శ. 386లో ఇటలీలోని మిలాను నగరంలో, ఒక తోటలో, జీవితం ఎటు తిప్పుకోవాలో తెలియక ఏడుస్తున్నప్పుడు, తీసి చదవమని ఒక పసిగొంతు అంటున్నట్టు వినిపించింది. పౌలు పత్రికలు తీసి, కంట పడిన భాగం చదివి అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు. అదే అగస్తీను తరువాత ఒక ఉత్తరంలో, లోక వ్యవహారాల కోసం సువార్త పుటల్లో సోదె చూసుకునే అలవాటు తనకు నచ్చదని రాశాడు. 506లో ఇప్పటి ఫ్రాన్సులోని అగ్ద్‌లో జరిగిన సభ దీన్ని నిషేధించింది కూడా. నిషేధించారంటే జనం మానలేదని అర్థం. మానని సంగతి మనకు తెలుసు.

ఇక ఒంగోలుకు వద్దాం. అయితే ఈ కథ ఒంగోలులో మొదలుకాదు. తమిళనాడులో ఉన్న శ్రోతలకు ఇది ఆసక్తిగా ఉంటుంది. అమెరికన్ బాప్తిస్తు మిషను పంపిన శామ్యూల్ డే 1836లో ఈ దేశం వచ్చి, విశాఖపట్నం, శ్రీకాకుళం చూసుకుని, 1837లో మద్రాసులో దిగాడు. అక్కడి తెలుగువారి మధ్య మూడేళ్ళు పనిచేశాడు. తెలుగువాళ్ళ కోసం వచ్చిన మనిషి తెలుగుదేశం నడిమధ్య ఉండాలనుకుని 1840లో నెల్లూరు వెళ్ళాడు. పనిచేయగా చేయగా చేరినవారు చేతివేళ్ళమీద లెక్కించదగినంతమంది. జబ్బుపడి స్వదేశం వెళ్ళి, తిరిగి వస్తూ లైమన్ జ్యూయెట్ అనే యువకుణ్ణి వెంట తెచ్చుకున్నాడు.

ఫలితం లేని చోట డబ్బు ఎందుకు పోయాలి అని అమెరికాలో మిషను సభవారికి అనిపించింది. అనిపించడంలో తప్పేమీ లేదు. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో నెల్లూరు పని మూసేద్దామా అన్న మాట వచ్చింది. ఎవరో పటం చూపించి, బర్మా పక్కన నక్షత్రాలు గుంపుగా ఉన్నాయి, ఇక్కడ ఒక్క నక్షత్రమే ఉంది అన్నారట. ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి "ఒంటరి నక్షత్రం" మీద పద్యం రాశాడు. అమెరికావాళ్ళ దేశభక్తి గీతం ఒకటి రాసిన కవి ఆయనే. పద్యం విన్నాక సభ మనసు మార్చుకుంది. మిషను నిలిచింది. ఆ పేరూ నిలిచింది. ఒక పద్యం విని తీసుకున్న నిర్ణయాన్ని దైవచిత్తం అనాలా, సభామర్యాద అనాలా? అప్పటివాళ్ళు మొదటిదే అన్నారు.

ఇదే కాలంలో ఇటువైపు ఇంకో సంగతి జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్, ఆయన భార్య, వారితో పాటు ముగ్గురు తెలుగువాళ్ళు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు, ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కారు. ఐదుగురు. ఒక్కొక్కరుగా ఈ ప్రాంతానికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఒంగోలువాళ్ళు ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు. ఆ ఉదయం వాళ్ళకు ఏ గుర్తూ కనబడలేదు. ఏ పుటా తెరుచుకోలేదు. దిగివచ్చి పని చూసుకున్నారు. అడిగిన మనిషి ఒంగోలులో కాపురం పెట్టడానికి పన్నెండేళ్ళు పైగా పట్టింది. నిర్ణయాల కథల్లో ఈ పన్నెండేళ్ళ గురించి ఎవరూ ఎక్కువ చెప్పరు.

మధ్యలో 1862లో జ్యూయెట్ ఆరోగ్యం చెడి అమెరికా వెళ్ళినప్పుడు సభవారు మళ్ళీ మూసేస్తామన్నారు. ఎవరూ రాకపోతే ఒక్కణ్ణే వెళ్ళి అక్కడే చచ్చిపోతానన్నాడు ఆయన. అలాగైతే నిన్ను పూడ్చడానికైనా ఒక మనిషిని పంపాలి కదా అని కార్యదర్శి అన్నాడని చెబుతారు. అలా వచ్చిన మనిషి జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో పుట్టాడు. మిషనరీ కాకముందు అమెరికాలో మిన్నెసోటా ప్రాంతంలో ప్రభుత్వ సర్వే దళంలో గొలుసు పట్టి భూమి కొలిచాడు. వకీలు కావాలని కూడా ఒకప్పుడు కోరిక ఉండేది. భూమి కొలిచిన ఈ విద్య తరువాత అక్కరకు వస్తుంది. 1865లో నెల్లూరు చేరి తెలుగు నేర్చుకుని, 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టాడు. జనం క్లౌ దొర అన్నారు.

దొర దైవచిత్తం కోసం వెతుక్కుంటూ అమెరికా నుంచి వచ్చాడు. సరే. మరి అదే కాలంలో ఒంగోలుకు పడమరగా దాదాపు నలభై మైళ్ళ దూరంలో, ఒక మాదిగపల్లెలో, ఇంకో మనిషి కూడా వెతుక్కుంటూనే ఉన్నాడు. యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. దేవుడు ఒక్కడే, ఆయన ఆత్మస్వరూపుడు అనే మాట పట్టుకుని, వీరమ్మ అనే స్త్రీ గురువు ద్వారా రాజయోగ మార్గంలో చాలా కాలం సాధన చేశాడు. తానే పదిమందికి బోధించే స్థితికి వచ్చాడు. వ్యాపారం మీద గోదావరి వైపు వెళ్ళినప్పుడు క్రైస్తవ బోధ చెవినపడింది. తాను వెతుకుతున్నది ఇదేననిపించింది. 1866లో భార్య నాగమ్మతో కలిసి ఒంగోలు నడిచివచ్చి, అక్కడికి వచ్చి ఉన్న జ్యూయెట్ చేత బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి క్లౌ ఇంకా ఒంగోలు రాలేదు. అంటే దొర వచ్చి పేరయ్యను వెతికి పట్టుకోలేదు. పేరయ్యే వచ్చాడు, వెళ్ళి తన పల్లెవాళ్ళకు చెప్పుకున్నాడు, తరువాత దొరను రమ్మని పిలిచాడు. మిషను చరిత్రల్లో ఈ వరుస ఒక్కోసారి తలకిందులవుతుంది. అందుకే ఇంత విడమరచి చెప్పాను.

1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో క్లౌ పేరయ్య ఊరు వెళ్ళాడు. చెట్టుకింద కొన్ని రోజులు కూర్చుని మాట్లాడి, 28 మందికి బాప్తిస్మమిచ్చాడు.

ఇప్పుడు చిక్కు వచ్చింది. ఒంగోలు పట్నంలో క్లౌ బడి పెట్టాడు. బ్రాహ్మణులు, ఇతర పెద్ద కులాలవారు పిల్లల్ని పంపుతున్నారు. కొందరు బోధ కూడా శ్రద్ధగా వింటున్నారు. అప్పటి మిషనరీల్లో చాలామంది నమ్మకం ఏమంటే, ముందు పైకులాలవారు వస్తే కింది కులాలవారు వాటంతటవే వస్తారని. మాదిగపల్లెల నుంచి మనుషులు రావడం మొదలుకాగానే పట్నంలో పెద్దలు కబురు చేశారు. వీళ్ళను చేర్చుకుంటే మేం రాము, మా పిల్లల్ని పంపము అన్నారు. ఒక పక్క పరపతి, బడి, చదువుకున్న వర్గం. ఇంకో పక్క ఊరి బయట ఉండే, వెట్టి చేసే, చచ్చిన పశువును ఈడ్చుకుపోయే మనుషులు. ఎవరిని కాదనాలి?

క్లౌ చెప్పిన కథ ఇది. 1910లో ఆయన చనిపోయాక, 1914లో అచ్చయిన ఆయన జ్ఞాపకాల్లో ఉంది. ఏం చేయాలో తోచక ఆయన తన గదిలో కూర్చున్నాడు. పక్కన పంచిపెట్టడానికి తెచ్చిన కొత్త బైబిళ్ళ దొంతర ఉంది. ఒకటి తీశాడు. అది తెరుచుకున్న చోట పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనబడింది. దేవుడు పిలిచినవారిలో లోకం లెక్కప్రకారం జ్ఞానులు, ఘనులు ఎక్కువమంది లేరని, లోకం తక్కువగా చూసేవారినే ఆయన ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. లేచి పక్క గదిలోకి వెళ్ళి భార్య హారియెట్‌కు చెబితే, ఆమె కూడా విడిగా ఇదే దిగులుతో బైబిలు తీసి చూస్తే అదే భాగం వచ్చిందని చెప్పింది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఒకే చోటికి చేరారు. ఆ రోజుతో సందేహం తీరింది. మాదిగలను చేర్చుకున్నారు. పైకులాల పిల్లలు బడి మానేశారు.

ఈ కథను నమ్మేవాళ్ళున్నారు. కాకతాళీయం అనేవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం ఆ పుట కంటే దాని చుట్టూ ఉన్న సంగతులే ముఖ్యంగా కనబడతాయి. పుట తెరవకముందే ఒక పల్లెలో 28 మంది చేరారు. పేరయ్య అనే మనిషి సాక్ష్యం ఎదురుగా ఉంది. పుట ఆయనకు కొత్త దారి చూపించలేదు. ఎదురుగా ఉన్న దారిలో నడవడానికి ధైర్యమిచ్చింది. పైగా వచ్చిన జవాబు లాభం కలిగించేది కాదు. బడి పోతుంది, పట్నంలో మర్యాద పోతుంది. తనకు ఇష్టమైనది వచ్చేదాకా పుటలు తిప్పడం వేరు, నష్టం చెప్పే పుట దగ్గర ఆగిపోవడం వేరు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న పదిహేనో అధ్యాయం ఇక్కడికి సరిపోతుంది. యెరూషలేములో అడిగిన ప్రశ్న, ఒంగోలులో అడిగిన ప్రశ్న ఒకటే. ఎవరిని పక్కన కూర్చోబెట్టుకోవాలి అన్నదే.

ఈ నిర్ణయానికి ఇంకో ఫలితమూ ఉంది. దాన్ని దాచకూడదు. ఒంగోలు సంఘం చాలా కాలం దాదాపు ఒకే కులం సంఘమైంది. కులం పోగొట్టడానికి వచ్చిన మతం కులం హద్దుల్లోనే పెరిగింది. దైవచిత్తమని నమ్మి చేసిన పనికి కూడా మనుషుల లోకంలో లెక్క తప్పదు.

చేరినవాళ్ళ వైపు నుంచి చూస్తే వాళ్ళ నిర్ణయం దొరగారి దానికంటే బరువైనది. క్లౌ వాళ్ళకు మూడు షరతులు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవి. ఊళ్ళో మాత్రం ప్రతి ఒక్కటీ యుద్ధమే. ఆదివారం పనికి రానంటే మోతుబరి ఊరుకుంటాడా? జాతరకు డప్పు కొట్టనంటే గ్రామాధికారి ఊరుకుంటాడా? కొట్టారు, పని మాన్పించారు, నీళ్ళు రానివ్వలేదు. అందుకే ఏ పల్లెలోనూ ఒక్కడు ఒక్క రాత్రిలో తేల్చుకోలేదు. కుటుంబాలు, కులపెద్దలు రాత్రిళ్ళు కూర్చుని మాట్లాడుకునేవారు. మాదిగవాడలో బంధుత్వాలు ఊళ్ళకు ఊళ్ళు అల్లుకుని ఉంటాయి. ఒక ఇంటి నిర్ణయం పది ఊళ్ళ నిర్ణయం. పాశ్చాత్యులకు ఇది అంతగా అర్థం కాలేదు. ఒక్కొక్క ఆత్మ విడిగా నిర్ణయించుకోవాలని వాళ్ళకు నేర్పారు. క్లౌ మాత్రం ఈ పద్ధతిని గౌరవించడం నేర్చుకున్నాడు.

పదేళ్ళు గడిచాయి. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని ఘోరమైన కరువు పట్టింది. తమిళ జిల్లాలు, బళ్ళారి, కర్నూలు, నెల్లూరు అన్నీ మాడిపోయాయి. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ తన పాత సర్వే విద్య బయటకు తీసి మూడున్నర మైళ్ళ కాలువ కంట్రాక్టుకు తీసుకున్నాడు. బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది అక్కడ మట్టి మోసి కూలి తీసుకున్నారు. ఆగినప్పుడల్లా బోధకులు మాట్లాడారు. జనం బాప్తిస్మం అడగడం మొదలుపెట్టారు.

ఇక్కడ క్లౌ చేసిన పని నాకు 1867 నిర్ణయం కంటే గొప్పగా తోస్తుంది. ఆయన ఇవ్వనన్నాడు. పదిహేను నెలలపాటు ఇవ్వలేదు. కూటికోసం వచ్చారో, నిజంగా వచ్చారో తేలేదాకా ఆగుదామన్నాడు. జనం తలుపు తట్టడమే దైవచిత్తమని పదేళ్ళ కింద నమ్మిన మనిషి, ఇప్పుడు అదే తలుపు తడుతుంటే తెరవలేదు. ఈసారి ఏ పుటా తెరిచినట్టు చెప్పలేదు. వివేకం చెప్పింది, విన్నాడు.

1878లో వానలు పడ్డాయి. కాలువ పని ఆగింది, సాయం డబ్బు అయిపోయింది. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర పాత క్రైస్తవులను మాత్రమే తీసుకురమ్మని బోధకులకు కబురు చేశాడు. వేలమంది వచ్చారు. ఇవ్వడానికి నా దగ్గర ఇక ఏమీ లేదని చెప్పాడు. సాయం అడగడానికి రాలేదు, మా చేతుల్లో కాయలు చూడండి, మేం కష్టపడేవాళ్ళం, పంట పండకపోతే చచ్చిపోతాం, చస్తే క్రైస్తవులుగా చస్తాం అన్నది వాళ్ళ మాటల సారం. అప్పుడు ఒప్పుకున్నాడు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. 2,222 అనే అంకె మిషను ప్రపంచమంతటా మారుమోగింది. కరువు కూడు క్రైస్తవులని ఎగతాళి చేసినవారూ లేకపోలేదు. అందరి మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు? సాయం ఆగిపోయాక వచ్చారన్నది మాత్రం లెక్కల్లో ఉన్న మాట.

సరిహద్దుల సంగతి చెప్పి ముగిస్తాను. క్లౌ సెలవు మీద వెళ్ళినప్పుడు ఒంగోలు పని చూసిన జాన్ మెక్లారిన్ అనే కెనడా బాప్తిస్తు, 1874లో కాకినాడ వెళ్ళాడు. వెళ్ళమని పుట చెప్పలేదు, ఒక తెలుగువాడు పిలిచాడు. ఆయన పేరు థామస్ గేబ్రియేల్. తంతి శాఖలో సర్కారు ఉద్యోగం వదులుకుని, సొంతంగా బోధ మొదలుపెట్టి, అప్పులపాలై, పని నిలబడాలని కెనడావారికి కబురు చేశాడు. 1875 జనవరి 1న చనిపోయాడు. ఆ కాకినాడ పనే తరువాత ఉత్తరాన పర్లాకిమిడి దాకా పాకింది. దక్షిణాన, ముసలివాడైన జ్యూయెట్ 1878లో మద్రాసు వెళ్ళి, డే నలభై ఏళ్ళ కింద వదిలివెళ్ళిన తెలుగువాళ్ళ మధ్య మళ్ళీ పని మొదలుపెట్టాడు.

ఇంకా దూరం వెళ్ళినవాళ్ళున్నారు. మద్రాసు రేవు నుంచి ఒప్పందపు కూలీలుగా దక్షిణాఫ్రికా నాటాల్ చెరకు, తేయాకు తోటలకు వెళ్ళిన తెలుగువారిలో ఈ సంఘాలవారు ఉన్నారు. మాకు మా భాషలో చెప్పే మనిషిని పంపమని వాళ్ళు నెల్లూరు వైపు అడిగారు. తెలుగు బాప్తిస్తులు సొంతంగా పెట్టుకున్న హోం మిషను సొసైటీ తరఫున జాన్ రంగయ్య భార్యాబిడ్డలతో 1903లో ఓడ ఎక్కాడు. ఆ డిసెంబరు 27న నాటాల్‌లోని కియర్స్నీ తోటల్లో తెలుగు బాప్తిస్తు సంఘం ఏర్పడింది. దాని మొదటి సభ్యులు పగలంతా తోటపని చేసి వచ్చిన కూలీలు.

సెలవు.